చమురు దేశాల నిరుద్యోగం – సర్కారు కొలువు కోసం నిరీక్షణ

సంపాదకులకు,

అయ్యా,

గల్ఫ్ దేశాలు ప్రైవేటు కంపెనీల్లో స్థానికుల కోటా పెంచిన ప్రతిసారీ మన పత్రికల్లో వచ్చే వార్తలు, వాటిపై వచ్చే వ్యాఖ్యలు దాదాపు రెండే ధోరణుల్లో ఉంటున్నాయి. చమురు డబ్బు అక్కడి యువకులను చెడగొట్టిందని, వాళ్లకు ఒళ్లు వంచడం చేతకాదని కొందరు రాస్తారు. బయటి నుంచి వచ్చినవాళ్లే తమ పొట్ట కొడుతున్నారన్న అక్కడి వాదనను మరికొందరు యథాతథంగా అచ్చు వేస్తారు. సౌదీ అరేబియాలో ఒక కాంట్రాక్టు కంపెనీ లెక్కల విభాగంలో చాలాకాలం పనిచేసినవాణ్ణి గనుక ఈ రెండు వాదాలనూ దగ్గర నుంచి విన్నాను. రెండూ అన్యాయమైనవేనని, రెండూ అసలు కారణాన్ని మరుగున పడేస్తున్నాయని నా అభిప్రాయం. చమురును నమ్ముకున్న దేశాల్లో చదువుకున్న యువతీ యువకులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండడానికి మూలం వారి స్వభావంలో లేదు. జాతి సంపదలో పౌరుడికి దక్కాల్సిన వాటాను ప్రభుత్వ ఉద్యోగం రూపంలో మాత్రమే పంచుతూ వచ్చిన పద్ధతిలో ఉంది. ఈ సంగతి కాస్త వివరంగా చెప్పడానికి అనుమతించండి.

చమురు డబ్బు తెస్తుంది గానీ, ఆ స్థాయిలో పని కల్పించదు. బావి తవ్వడానికి, శుద్ధి కర్మాగారం కట్టడానికి, పైపులైను వేయడానికి వందల కోట్ల డాలర్ల యంత్రాలు కావాలి. ఒకసారి అవి నడవడం మొదలయ్యాక చూసుకోవడానికి కొద్దిమంది నిపుణులు చాలు. 2022 జనగణన ప్రకారం సౌదీ అరేబియా జనాభా 3.22 కోట్లు. అందులో పౌరులు 1.88 కోట్లు, ఆ పౌరుల్లో 63 శాతం మంది 30 ఏళ్ల లోపువారు. ఆ దేశ ఖజానాకు సింహభాగం సమకూర్చే ప్రభుత్వ చమురు సంస్థ ఆరామ్‌కోలో పనిచేసేవారు సుమారు 70 వేల మంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, చమురు రంగం తనంతట తానుగా ఆ తరానికి బతుకుతెరువు చూపలేదని తెలిసిపోతుంది. అందువల్ల డబ్బు ముందు ప్రభుత్వానికి చేరుతుంది, దాన్ని జనానికి ఎలా చేర్చాలన్నది ప్రభుత్వం తేల్చుకోవాల్సి వస్తుంది.

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగినప్పుడు చాలా ప్రభుత్వాలకు తేలికగా కనిపించిన తోవ కొలువులు పంచడమే. కువైట్‌లో దీనికి రాజ్యాంగ బలం కూడా ఉంది. 1962 నాటి ఆ రాజ్యాంగంలోని 41వ అధికరణ పని చేసే హక్కును ప్రతి పౌరుడికీ ఇస్తూ, ఆ పని కల్పించే బాధ్యతను రాజ్యం మీద పెట్టింది. ఆ మాట రాసినవారి ఉద్దేశం గొప్పదే. కానీ అమలులో అది మంత్రిత్వశాఖల్లో కుర్చీలు వేయడంగా మారింది. ఈనాడు ఉద్యోగం చేస్తున్న కువైటీల్లో ప్రతి ఐదుగురిలో నలుగురు సర్కారు జీతం తీసుకుంటున్నారు. ప్రైవేటు రంగంలో పనంతా దాదాపు విదేశీయుల చేతుల మీదుగానే నడుస్తోంది. ఒకే దేశంలో రెండు వేర్వేరు ఉద్యోగ ప్రపంచాలు ఏర్పడి, వాటి మధ్య గోడ లేచింది.

ఇప్పుడు డిగ్రీ పూర్తి చేసిన ఒక సౌదీ యువకుడి స్థానంలో ఉండి లెక్క వేయండి. ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం దొరికితే మధ్యాహ్నం రెండున్నరకల్లా ఇంటికి చేరవచ్చు, వారానికి రెండు రోజులు సెలవు, తీసేస్తారన్న భయం లేదు, చివర్లో పింఛను ఉంది, బ్యాంకు అప్పు సులువుగా పుడుతుంది, పెళ్లి సంబంధం మాట్లాడేవారు కూడా ముందు అడిగేది అదే. ప్రైవేటు సంస్థలో చేరితే చట్టం ప్రకారం వారానికి 48 గంటల పని, చాలాచోట్ల ఒక్క శుక్రవారమే సెలవు, జీతం తక్కువ, యజమాని దయ మీద ఆధారపడిన భవిష్యత్తు. పైగా ఒకసారి ప్రైవేటులో పేరు నమోదైతే సర్కారు వరుసలో వెనకబడతామన్న బెంగ. ఇంట్లో తండ్రి జీతమో, అన్న జీతమో ఉన్నంతకాలం రెండేళ్లు, మూడేళ్లు ఆగి చూడడం ఆ కుటుంబానికి తెలివైన నిర్ణయమే అవుతుంది. దీన్ని బద్ధకం అనడం నాకు ఎప్పుడూ మనసొప్పలేదు. నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి పుస్తకాలు పట్టుకుని కూర్చునే కుర్రవాడిని ఎక్కడైనా మనం పట్టుదల గలవాడంటాం. అదే పని ఎడారి దేశపు కుర్రవాడు చేస్తే సోమరి అంటున్నాం. ఉన్నత స్థాయి జీతాన్ని ఒకచోట పెట్టి, అది దొరికే అవకాశాన్ని వరుసకు ముడిపెడితే ఆ వరుసలో నిరుద్యోగులు పోగుపడతారని 1970లోనే హారిస్, టొడారో అనే ఆర్థికవేత్తలు తూర్పు ఆఫ్రికా పట్టణాలను దృష్టిలో పెట్టుకుని తేల్చిచెప్పారు. చమురు దేశాల్లో ఆ వరుస ఇంకా పొడవు, ఎందుకంటే దానిలో ఆగగల శక్తిని కూడా చమురే ఇస్తోంది.

ఇదంతా చెప్పేటప్పుడు స్త్రీలను మరిచిపోకూడదు. చదువులో అబ్బాయిలను దాటిపోయిన సౌదీ అమ్మాయిలకు చాలాకాలం బడిపంతులమ్మ ఉద్యోగం తప్ప మరో గౌరవమైన దారి కనిపించలేదు. 2016 ప్రాంతంలో అక్కడి మహిళా నిరుద్యోగ రేటు 30 శాతం పైనే. ఉపాధ్యాయ పోస్టుకు దరఖాస్తు పెట్టి, పిలుపు కోసం ఎదురుచూస్తూ వయసు మీద పడినవారు లెక్కకు మిక్కిలి. పిలుపు వచ్చినా ఇంటికి వందల కిలోమీటర్ల దూరంలోని పల్లెకు పోస్టింగ్, స్వయంగా కారు నడిపే హక్కు లేదు. ఆ హక్కు 2018 జూన్‌లో గానీ రాలేదు. వాళ్ల నిరీక్షణను ఏ కొలమానంతో బద్ధకం అంటారు?

ఈ పద్ధతి వల్ల నష్టం ఉందని పాలకులకు తెలియక కాదు. కానీ వీధుల్లో అలజడి మొదలైనప్పుడు వాళ్ల చేతికి అందే మొదటి మందు అదే. 2011లో అరబ్ దేశాలన్నీ ఉడికిపోతున్నప్పుడు ఒమన్‌లోని సోహార్‌లో నిరుద్యోగులు రోడ్డెక్కారు. సుల్తాన్ కాబూస్ 50 వేల ఉద్యోగాలు, పని లేనివారికి నెలకు 150 రియాళ్ల భృతి ప్రకటించారు. సౌదీ రాజు అబ్దుల్లా ఒక్క హోం మంత్రిత్వశాఖలోనే 60 వేల భద్రతా కొలువులు సృష్టించమని ఆదేశించారు, ప్రభుత్వోద్యోగుల కనీస జీతాన్ని 3,000 రియాళ్లు చేశారు. అప్పటికి అలజడి చల్లారింది. అయితే ఆ ఏడాది చదువుకుంటున్న పిల్లలందరికీ ఒక సందేశం మాత్రం బలంగా అందింది: ఓపిక పడితే, గొంతెత్తితే సర్కారు కొలువు వస్తుంది. సరిగ్గా పదేళ్లకు, 2021 మేలో, అదే సోహార్‌లో మళ్లీ యువకులు రోడ్ల మీదకు వచ్చారు. ఈసారి సుల్తాన్ హైతమ్ 32 వేల ఉద్యోగాలు ప్రకటించారు.

కొలువులు పంచడం భారమైనప్పుడు ఆ బరువును ప్రైవేటు కంపెనీల నెత్తిన పెట్టే కోటాలు వచ్చాయి. సౌదీలో 2011లో మొదలైన నితాఖాత్ పథకం కంపెనీలను ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ప్లాటినం అని రంగులుగా విడగొట్టింది. తగినంత మంది సౌదీలు లేని కంపెనీకి కొత్త వీసాలు రావు, ఉన్నవారి అకామాలు (నివాస అనుమతులు) రెన్యువల్ కావు. నేను పనిచేసిన సంస్థలో దాని ఫలితం జీతాల పట్టికలోనే కనిపించింది. నెలాఖరుకు పట్టిక తయారుచేసేటప్పుడు సిమెంటు పని చేసేవారి, డ్రైవర్ల, ఫోర్‌మన్ల పేర్ల కింద కొన్ని సౌదీ పేర్లు చేరాయి. వాళ్లలో చాలామంది ముఖం ఆఫీసులో ఎవరూ చూడలేదు. ఇంట్లో ఉన్నందుకు వాళ్లకు కనీస మొత్తం బ్యాంకులో పడేది, కంపెనీ ఆకుపచ్చలో నిలిచేది. ఒకరోజు ఆ పేర్లలో ఒక పేరున్న కుర్రవాడు స్వయంగా వచ్చాడు. కామర్స్ డిగ్రీ ఉన్నవాడు. ఇస్త్రీ చేసిన తెల్లటి తోబ్ (అక్కడి పొడవాటి అంగీ) వేసుకుని, సర్టిఫికెట్ల ఫైలు చేత్తో పట్టుకుని నా బల్ల ముందు నిలబడి, జీతం వస్తోంది కదా, పని కూడా చూపించండి, లెక్కలు నేర్చుకుంటానన్నాడు. మేనేజరు అతన్ని లోపలికి పిలిచి, టీ ఇప్పించి, నువ్వు ఇంట్లో ఉంటేనే మాకు చౌక అని మర్యాదగా చెప్పి పంపించేశాడు. పని కావాలని అడిగిన మనిషికి దొరికిన జవాబు అది. కోటా లెక్కలో ఆ కుర్రవాడు ఉద్యోగి. దేశానికి మాత్రం ఒక డిగ్రీ, ఒక యౌవనం వృథా.

ఆ మేనేజరు మాటలో ఒక చేదు నిజం ఉంది. చౌక అన్న చోటే అసలు చిక్కు. కఫీల్ (పూచీదారు యజమాని) పద్ధతిలో తెచ్చుకున్న విదేశీ కార్మికుడు చాలాకాలం యజమాని అనుమతి లేకుండా మరో చోటికి పోలేకపోయేవాడు, నచ్చకపోతే దేశం విడిచి వెళ్లడమే దిక్కు. అలాంటి మనిషికి తక్కువ జీతమిచ్చి ఎక్కువ గంటలు పని చేయించుకోవచ్చు. స్థానికుడు ఇవాళ ఇష్టం లేకపోతే రేపు మానేయగలడు, ఆ జీతంతో ఆ దేశంలో సంసారం గడపలేడు. కాబట్టి ఏ యజమాని అయినా విదేశీయుణ్ణే కోరుకుంటాడు. ఇక్కడ ఎవరి పొట్టా ఎవరూ కొట్టడం లేదు. ఒకరి కాళ్లకు వేసిన సంకెల ఇంకొకరికి తలుపు మూసేస్తోంది. దీనికి ఆధారం కూడా ఉంది. 2011 నుంచి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో కాంట్రాక్టు ముగిసిన విదేశీ కార్మికులు పాత యజమాని అనుమతి లేకుండానే వేరే కంపెనీకి మారవచ్చని నిబంధన మార్చాక, అలా మారే హక్కు వచ్చినవారి సంపాదన సుమారు 10 శాతం పెరిగినట్లు ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. విదేశీ కార్మికుడి జీతం పెరిగిన కొద్దీ అతనికీ స్థానికుడికీ మధ్య ఉన్న తేడా తగ్గుతుంది, స్థానికుణ్ణి పనిలో పెట్టుకోవడం యజమానికి గిట్టుబాటవుతుంది. అక్కడ చెమటోడుస్తున్న మనవాళ్ల మేలు, అక్కడి నిరుద్యోగి మేలు ఒకదానికొకటి అడ్డు అని రాసేవారు ఈ ఒక్క విషయం గమనిస్తే బాగుంటుంది.

గల్ఫ్ రాజ్యాల్లో పౌరులు తక్కువ, డబ్బు ఎక్కువ కాబట్టి నిరీక్షణ కూడా కాస్త సుఖంగానే సాగుతుంది. జనాభా ఎక్కువై, తలకు వచ్చే చమురు వాటా తక్కువైన దేశాల్లో ఇదే జబ్బు ప్రాణాంతకమవుతుంది. నైజీరియాలో 2014 మార్చి 15న ఇమిగ్రేషన్ శాఖ ఐదు వేల లోపు పోస్టులకు దేశవ్యాప్తంగా స్టేడియాల్లో పరీక్ష పెట్టింది. ఒక్కొక్కరి దగ్గర 1,000 నైరాల రుసుము వసూలు చేసి, లక్షల మందిని రమ్మంది. అబుజాతో సహా పలుచోట్ల గేట్ల దగ్గర తొక్కిసలాట జరిగి కనీసం 15 మంది చనిపోయారు, వారిలో గర్భిణులు కూడా ఉన్నారు. ఆ తర్వాత ప్రభుత్వం మృతుల కుటుంబాలకు ప్రకటించిన పరిహారం ఏమిటో తెలుసా? కుటుంబానికి మూడు ఉద్యోగాలు, అదే శాఖలో. ఈ వివరం చదివినప్పుడల్లా నాకు గుండె పిండేసినట్లు ఉంటుంది. అల్జీరియాలో 2013లో ఉవార్గ్లా అనే ఎడారి పట్టణంలో వేలాది నిరుద్యోగులు ఊరేగింపు తీశారు. ఆ దేశపు చమురుకు గుండెకాయ వంటి హాసీ మెసౌద్ క్షేత్రం కూడా ఆ ప్రాంతంలోనే ఉంది. తమ నేల కింది చమురు వెళ్లిపోతోంది, పనికి మాత్రం ఉత్తరాది వాళ్లను తెస్తున్నారన్నది వాళ్ల మొర.

అన్నిటికంటే బరువైన ఉదాహరణ ఇరాక్. ప్రభుత్వ ఆదాయంలో 90 శాతానికి పైగా చమురు నుంచే. 2003 తర్వాత అధికారంలోకి వచ్చిన పార్టీలు మంత్రిత్వశాఖలను పంచుకుని, ఎవరి శాఖలో వారు తమవారిని నింపుకుంటూ వచ్చాయి. వాస్తా (పలుకుబడి గలవారి సిఫారసు) లేనివాడికి వరుసలో చోటు కూడా కష్టమే. జీతాల జాబితాలో ఉన్నవారు 40 లక్షలు దాటారు. వైద్య, ఆరోగ్య కోర్సులు చదివినవారికి ప్రభుత్వమే ఉద్యోగం ఇవ్వాలన్న చట్టం అక్కడ ఉంది. దాన్ని చూసుకుని ప్రైవేటు ఫార్మసీ, డెంటల్ కాలేజీలు పుట్టగొడుగుల్లా వెలిశాయి, తల్లిదండ్రులు ఆస్తులు అమ్మి ఫీజులు కట్టారు, డిగ్రీలు పట్టుకున్న పిల్లలు ఇప్పుడు మంత్రిత్వశాఖ గేటు ముందు బైఠాయిస్తున్నారు. 2019 సెప్టెంబరులో బాగ్దాద్‌లో ఉద్యోగాలడిగిన ఉన్నత పట్టభద్రుల మీద పోలీసులు నీటి ఫిరంగులు ప్రయోగించారు. ఆ దృశ్యాలు దేశమంతా చూసింది, కొద్ది రోజులకే అక్టోబరులో మహా ఉద్యమం లేచి వందల మంది ప్రాణాలు పోయాయి. ఒత్తిడికి తలొగ్గి ప్రభుత్వం మళ్లీ నియామకాలు ప్రకటించింది. సరిగ్గా అప్పుడే కరోనా వచ్చి చమురు ధర కూలింది. 2020 ఏప్రిల్‌లో ఇరాక్‌కు చమురు మీద వచ్చిన ఆదాయం సుమారు 140 కోట్ల డాలర్లు. జీతాలకు, పింఛన్లకు నెలకు కావలసింది దానికి మూడింతలకు పైనే. ఆ శరదృతువులో జీతాలు వారాల తరబడి ఆగిపోయాయి, అప్పు చేసే చట్టం పార్లమెంటు నవంబరులో ఆమోదిస్తే గానీ కదలలేదు. ఉద్యోగం ఉన్నవాడికీ లేనివాడికీ ఇద్దరికీ భరోసా లేకుండా పోయింది.

వెనెజువెలా గురించి ఒక్క ముక్క. 2002–03 సమ్మె తర్వాత ప్రభుత్వ చమురు సంస్థ నుంచి దాదాపు 18 వేల మంది అనుభవజ్ఞులను తొలగించి, తర్వాతి ఏళ్లలో ఉద్యోగుల సంఖ్యను లక్ష దాటించారు. ఉత్పత్తి మాత్రం ఏటేటా దిగజారింది.

ఇదంతా చదివి, ప్రభుత్వోద్యోగమే చెడ్డదని నేనంటున్నానని అనుకోవద్దు. నార్వే కూడా చమురు దేశమే. అక్కడ పనిచేసేవారిలో సుమారు 30 శాతం మంది ప్రభుత్వ రంగంలోనే ఉన్నారు, అయినా నిరుద్యోగం తక్కువ. అక్కడ నర్సు ఉద్యోగానికీ, ప్రైవేటు సంస్థలో సాంకేతిక ఉద్యోగానికీ జీతంలో, సెలవుల్లో, పింఛనులో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా లేదు. యూనియన్ల ఒప్పందాలు రెండు వైపులా వర్తిస్తాయి. చమురు డబ్బు నేరుగా జీతాల్లోకి పోకుండా నిధిలోకి వెళుతుంది. ఆ నిధి నుంచి ఏటా సగటున 3 శాతానికి మించి వాడకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. చమురు దొరికేనాటికే పన్నులు కట్టే పౌరులు, గట్టి పాలన ఉన్న దేశం కాబట్టి అది సాధ్యమైంది, నిజమే. అయినా రెండు రంగాల మధ్య తేడాను తగ్గించడం వరుసను తగ్గిస్తుందన్న విషయం ఆ ఒక్క దేశానికే పరిమితం కాదు.

నా ఉద్దేశంలో చేయవలసిన మొదటి పని చమురు వాటాను ఉద్యోగం నుంచి విడదీయడం. పౌరుడిగా నీకు రావలసింది నీ చేతికే ఇస్తాం, ఉద్యోగానికి మాత్రం పనిని బట్టి జీతం అని చెప్పగలగాలి. అలాస్కాలో 1982 నుంచి చమురు నిధి లాభంలో కొంత ప్రతి నివాసికీ ఏటా పంచుతున్నారు, మొదటి ఏడాది తలకు 1,000 డాలర్లు. దానివల్ల జనం పని మానేశారా అని పరిశోధించినవారు మొత్తం ఉపాధి తగ్గలేదనే తేల్చారు. కువైట్ 2011లో ప్రతి పౌరుడికీ 1,000 దీనార్లు పంచింది, కానీ అది స్వాతంత్ర్య స్వర్ణోత్సవ కానుకగా ఇచ్చిందే గాని, కొలువుల పద్ధతికి ప్రత్యామ్నాయంగా కాదు. ఇందులో ప్రమాదాలూ లేకపోలేదు. ఇరాన్ 2010 డిసెంబరులో సబ్సిడీలు తగ్గించి మనిషికి నెలకు 4,55,000 రియాళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ అంకెను ఏళ్ల తరబడి కదపకపోవడంతో ధరల పెరుగుదలలో దాని విలువ కరిగిపోయింది. ధరలతో పాటు పెరగని నగదు వాటా మోసమే అవుతుంది.

సౌదీ అరేబియా 2016 నుంచి చేస్తున్న ప్రయత్నానికి తగిన గుర్తింపు ఇవ్వాలి. ఇంధన ధరలు పెంచుతూ, ఆ భారం పడే కుటుంబాలకు 2017 చివరి నుంచి పౌరుల ఖాతా ద్వారా నగదు ఇస్తోంది. దుకాణాల్లో, హోటళ్లలో, కౌంటర్ల దగ్గర సౌదీ అమ్మాయిలు పనిచేయడం నేను వెళ్లిన కొత్తలో ఊహకందని విషయం, ఇప్పుడది మామూలైంది. 2020 మధ్యలో 15.4 శాతానికి ఎగబాకిన పౌరుల నిరుద్యోగం 2024 చివరికి 7 శాతానికి దిగింది. సోమరులైతే ఇంత మార్పు ఇంత త్వరగా రాదు కదా. అయితే ఈ కొత్త కొలువుల్లో చాలా భాగం చమురు నిధుల పెట్టుబడితో లేచిన ప్రాజెక్టుల మీదే ఆధారపడి ఉంది. ఉద్యోగుల అలవెన్సుల్లో 2016 సెప్టెంబరులో పెట్టిన కోతను ఏడు నెలలకే వెనక్కి తీసుకున్నారన్నది కూడా గుర్తుంచుకోవాలి. పాతవారి జీతం తగ్గించబోతే ఎక్కడైనా ఇదే జరుగుతుంది. అందుకే ఉన్నవారి జోలికి పోకుండా, కొత్తగా చేరేవారి షరతులను ప్రైవేటుతో సమం చేయడం, ప్రైవేటులో చేరే యువకుడికి ప్రభుత్వమే కొంతకాలం జీతంలో కొంత భాగం కలపడం మేలైన దారి. ఎమిరేట్స్ 2021లో తెచ్చిన నాఫిస్ పథకం ఈ పనే చేస్తోంది. నకిలీ నియామకాలకు మొదట్లో ఒక్కొక్క దానికి 20 వేల నుంచి లక్ష దిర్హాముల దాకా జరిమానా కూడా పెట్టింది. ఆ జరిమానా వార్త చదివినప్పుడు, ఫైలు పట్టుకుని వచ్చి టీ తాగి వెళ్లిపోయిన ఆ కుర్రవాడి కోసమైనా ఇలాంటిది అప్పుడే ఉండాల్సింది అనిపించింది.

చివరగా మీకొక విన్నపం. ఇకపై స్థానికుల కోటా పెంచారన్న వార్త వేసేటప్పుడు, మనవాళ్ల ఉద్యోగాలు ఎన్ని పోతాయన్న లెక్కతో ఆగకండి. అంతకుముందు కోటా కింద చేరిన స్థానికుల్లో ఏడాది తర్వాత ఎందరు నిజంగా పనిలో ఉన్నారు, ఎంత జీతానికి ఉన్నారు, విదేశీ కార్మికుడు యజమాని అనుమతి లేకుండా మారే హక్కు ఆ దేశంలో కాగితం మీద ఉందా, అమలులో ఉందా అన్నవి కూడా మీ విలేకరుల చేత అడిగించి, ఆ వార్త పక్కనే వేయించండి.

ఇట్లు,
గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన ఒక పాఠకుడు